రాష్ట్రగీతాలు: పాటకు పడిన కత్తెర, పటానికి పడిన కత్తెర

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప మరేమీ తొలగించలేదు.)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ నిర్వాహకులకు, పెద్దలకు, సాయంత్రం బడి వదలగానే ఇటు వచ్చేసిన పిల్లలకు నమస్కారం.

నేను అసలు విషయానికి వచ్చే ముందు ఈ సభ ఎలా మొదలైందో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట ఒక పాట పాడారు. ఏ పాట పాడారు? సరస్వతీ ప్రార్థన పాడారు. ఎందుకు పాడారో మీలో కొందరికి తెలుసు, తెలియనివారికి నేను చెబుతాను. మన ఊరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్నది. ఈ సభలో ఇటువారు సగం, అటువారు సగం. ఇటువారి రాష్ట్రగీతం ఒకటి, అటువారి రాష్ట్రగీతం మరొకటి. ఏది ముందు పాడాలి, ఏది పాడితే ఎవరికి నొప్పి కలుగుతుంది అని నిన్న సాయంత్రం నిర్వాహకులు గంటసేపు తర్జనభర్జన పడి, చివరికి ఇద్దరికీ తల్లి అయిన సరస్వతిని శరణు వేడారు. నేను తప్పు పట్టడం లేదు. నాకు ఇచ్చిన అంశం ఏమిటో చూడండి: రాష్ట్రగీతాలు, ప్రాంతీయ అస్తిత్వం. నా ప్రసంగంలో సగం నిన్న సాయంత్రం ఆ గదిలోనే జరిగిపోయింది.

రాష్ట్రగీతం అంటే చట్టం దృష్టిలో ఏమిటన్నది ముందు రెండు మాటల్లో చెప్పి దాటిపోతాను, ఎందుకంటే అక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. జాతీయగీతాన్ని గౌరవించడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది, దానికి అవమానం జరిగితే శిక్షించడానికి 1971 నాటి చట్టం ఉన్నది. రాష్ట్రగీతం ప్రస్తావన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మంత్రివర్గం ఒక తీర్మానం చేస్తుంది, ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తుంది, ఒక్కోసారి శాసనసభ తీర్మానిస్తుంది, అంతే. రాష్ట్రపక్షి, రాష్ట్రవృక్షం, రాష్ట్రపుష్పం వంటివాటి వరుసలోనే రాష్ట్రగీతం కూడా చేరుతుంది. అయితే పాలపిట్ట మీద గాని వేపచెట్టు మీద గాని ఎవరైనా కోర్టుకు వెళ్లారా? పాట మీద మాత్రం వెళ్లారు. అదీ తేడా. పిట్టకు మాట రాదు, పాటకు మాట ఉన్నది. మాట ఉన్నచోట అందులో ఎవరి పేరు ఉన్నది, ఎవరి పేరు లేదు అన్న ప్రశ్న వస్తుంది.

ఇంకొక సంగతి. మంచి రాష్ట్రగీతాలను ప్రభుత్వాలు రాయించలేదు. ప్రజలు ఎప్పటినుంచో పాడుకుంటున్న పాటను ప్రభుత్వం చాలా ఆలస్యంగా వచ్చి దత్తత తీసుకున్నది. పొరుగున ఉన్న ఒడిశాను చూడండి. లక్ష్మీకాంత మహాపాత్ర గారు ‘బందే ఉత్కళ జననీ’ అన్న పాటను 1912లో రాశారు. అప్పటికి ఒడిశా అనే రాష్ట్రమే లేదు, ఒడియా మాట్లాడేవారు రెండు మూడు పాలనా ప్రాంతాల మధ్య చెదిరి ఉన్నారు. వారి రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆ పాట అధికారికంగా రాష్ట్రగీతం అయినది ఎప్పుడు? 2020 జూన్‌లో. అంటే పాట పుట్టిన 24 ఏళ్లకు రాష్ట్రం పుట్టింది, రాష్ట్రం పుట్టిన 84 ఏళ్లకు ఉత్తర్వు పుట్టింది. అస్సాం వారి ‘ఓ మోర్ ఆపోనార్ దేశ్’ను లక్ష్మీనాథ్ బెజ్‌బరువా 1909లో ప్రచురించారు, 1927లో తేజ్‌పూర్‌లో జరిగిన విద్యార్థుల మహాసభ దానిని తమ గీతంగా స్వీకరించింది. దానిని మొదట నెత్తిన పెట్టుకున్నది విద్యార్థులు, సర్కారు కాదు.

ఒడిశా మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి పట్టి వస్తాను, మన్నించండి. 1936లో ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. పర్లాకిమిడి ఎవరి ఊరు? మనం రోజూ రాసే, చదివే వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు నివసించిన ఊరు. ఆ నిర్ణయాన్ని తట్టుకోలేక ఆ వృద్ధుడు అంతకాలం ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఒకరి తల్లిపాట నిజమైన రోజు మరొకరికి ఇల్లు ఖాళీ చేసిన రోజు అయింది. ఈ మాటను ఇక్కడ వదిలిపెడుతున్నాను, మళ్లీ దీని అవసరం పడుతుంది.

సరే. ప్రభుత్వం పాటను దత్తత తీసుకున్నప్పుడు ఏమి జరుగుతుంది? పాటకు కత్తెర పడుతుంది. పాట పొడుగు ఎక్కువయిందని ఒక చరణం పోతుంది, మాట పాతబడిందని ఒక పదం మారుతుంది, ఎవరికో నొప్పి కలుగుతుందని రెండు పంక్తులు పోతాయి. ఈ సాయంత్రం నేను మీకు చెప్పదలచుకున్నది అదే. రాష్ట్రగీతంలో ఉన్న పంక్తులను అందరూ పాడతారు, అందులో లేని పంక్తులను చూడండి. కత్తెర ఎక్కడ పడిందో చూస్తే ఆ ప్రాంతం తనను తాను ఎవరని అనుకుంటున్నదో, ఎవరి ముందు మొహమాటపడుతున్నదో, ఎవరితో పేచీ పెట్టుకుంటున్నదో తెలుస్తుంది.

దీనికి తమిళుల పాటకు మించిన ఉదాహరణ లేదు, పైగా అందులో మన ప్రసక్తి ఉన్నది. తమిళనాడులో ఏ సభ అయినా ‘తమిళ్‌ తాయ్ వాళ్‌త్తు’తో, అంటే తమిళతల్లి స్తుతితో మొదలవుతుంది. సుందరం పిళ్లై గారు 1891లో ప్రచురించిన ‘మనోన్మణీయం’ అనే పద్యనాటకంలోని ప్రార్థన అది. 1970లో కరుణానిధి గారి ప్రభుత్వం దానిని ప్రభుత్వ సభల ప్రార్థనగా చేసింది. సినీ సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ గారు మోహన రాగంలో, తిశ్ర గతిలో వరస కట్టారు. 55 సెకన్లలో ముగుస్తుంది. భూమి అనే స్త్రీకి సముద్రం చీర, భారతఖండం ముఖం, దక్షిణదేశం నుదురు, ద్రావిడ భూమి ఆ నుదుటి మీద తిలకం, ఆ తిలకపు పరిమళం తమిళం. మంచి కల్పన, సందేహం లేదు.

అయితే మూలపద్యంలో ఆ తరువాత ఏముందో తెలుసా? కన్నడం, తెలుగు, మలయాళం, తుళు నీ కడుపున పుట్టి పలు రూపాలైనా, ఆర్యం వలె, అంటే సంస్కృతం వలె, లోకవ్యవహారంలో నశించిపోక నీవు మాత్రం చెక్కుచెదరని యౌవనంతో ఉన్నావు తల్లీ, అని ఉన్నది. ఇప్పుడు చెప్పండి. మన తెలుగు తమిళం కడుపున పుట్టిందట! ముందు వరుసలోని పెద్దలు నవ్వుతున్నారు. నవ్వండి, కాని ఆ పద్యం రాసేనాటికి ఆ భావన చాలామంది చదువుకున్నవారిలో ఉన్నదే. తల్లి ద్రావిడ భాష ఒకటి వేరుగా ఉండేదనీ, తమిళమూ తెలుగూ ఆ తల్లికి వేరువేరు శాఖల్లో పుట్టిన సంతానమనీ భాషాశాస్త్రం తరువాత స్థిరపరిచింది. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో ఉంచారు. గోండి, కువి, కొండ భాషలు మనకు తమిళం కంటే దగ్గరి చుట్టాలు.

1970లో ఆ పంక్తులు తీసేశారు. ఒక్కసారి ఆలోచించండి. తమిళ అభిమానం మీద అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం, తమిళం గొప్పతనాన్ని అన్నిటికంటే గట్టిగా చెప్పిన పంక్తులను తానే తీసేసింది. ఎందుకు తీసింది? పక్క భాషలవారిని చిన్నబుచ్చే మాట, సంస్కృతం చచ్చిపోయిందనే మాట ప్రార్థనలో ఉండకూడదని. ఆ రాష్ట్రంలో తరతరాలుగా ఉన్న తెలుగువారు లక్షల్లో ఉన్నారు, వారి పిల్లలు బడిలో రోజూ ఆ పాటకు నిలబడతారు. నీ భాష మా భాష కడుపున పుట్టిందని ఆ పిల్లలచేత వారి నోటితోనే పాడించకపోవడం చాలా పెద్ద వివేకం. నాకు ఆ ప్రభుత్వంతో ఎన్నో విషయాల్లో పేచీ ఉండవచ్చు గాని, ఆ కత్తెరకు మాత్రం నమస్కారం పెడతాను.

కాని కత్తెర అందరి చేతిలోనూ ఒకలా పనిచేయదు. 2024 అక్టోబరులో చెన్నైలో గవర్నరు గారు పాల్గొన్న ఒక దూరదర్శన్ సభలో అదే పాట పాడుతూ ‘ద్రావిడ’ అన్న మాట ఉన్న పంక్తిని వదిలేశారు. పొరపాటున జరిగిందని దూరదర్శన్ క్షమాపణ చెప్పుకున్నది. అయినా రాష్ట్రమంతా దుమారం చెలరేగింది. చూశారా? 1970లో పంక్తులు పోతే వివేకం అయింది, 2024లో ఒక పంక్తి జారిపోతే అవమానం అయింది. అప్పుడు ఇంటివారు తీశారు, ఇప్పుడు బయటివారు తీశారని అనుకున్నారు. ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. అది ప్రార్థనాగీతమే గాని జాతీయగీతం వంటిది కాదు, దానికి లేచి నిలబడాలన్న చట్టమేదీ లేదు అని 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. అదే నెల 17న ప్రభుత్వం దానిని రాష్ట్రగీతంగా ప్రకటించి, నిలబడలేని దివ్యాంగులు తప్ప అందరూ నిలబడాలని ఉత్తర్వు ఇచ్చింది. 50 ఏళ్లకు పైగా ఉత్తర్వు లేకుండానే లేచి నిలబడిన జనానికి అప్పుడు ఉత్తర్వు వచ్చింది.

ఇక మన ఇంటికి వద్దాం. ‘మా తెలుగు తల్లికి’ పాట నేను ఏడో తరగతిలో నేర్చుకున్నాను. మా తెలుగు మాస్టారు బల్ల మీద వేలితో తాళం వేస్తూ నేర్పారు. ఆ పాట సినిమా కోసం రాసినదని అప్పుడు మాకు తెలియదు. తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారి గారు 1942లో వచ్చిన ‘దీనబంధు’ సినిమా కోసం ఆ పాట రాశారు, సినిమాలో అది చేరలేదు. సినిమా వదిలేసిన పాటను టంగుటూరి సూర్యకుమారి గారు గ్రామఫోను రికార్డుకు పాడారు, ఆ రికార్డు ఇంటింటికీ వెళ్లింది. 1942 అంటే అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి, తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉన్నది. అందుకే సుందరాచారి గారు తల్లికి రాష్ట్రం పేరు పెట్టలేదు, భాష పేరు పెట్టారు. లేని రాష్ట్రాన్ని ఎలా పొగుడుతారు? ఉన్న భాషను పొగిడారు.

మరి అది రాష్ట్రగీతం ఎప్పుడయింది? 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి. సూర్యకుమారి గారు అప్పటికి లండన్‌లో స్థిరపడి ఉన్నారు, అక్కడి నుంచి వచ్చి ఆ సభలో ఆ పాట పాడారు. ఆ మహాసభలతోనే దానికి రాష్ట్రగీతం హోదా దక్కింది. ఇప్పుడు ఆ ఏడాదికి ముందు ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం. అటువారూ విడిపోతామన్నారు, ఇటువారూ విడిపోతామన్నారు. రెండు పక్కలా గాయాలు పచ్చిగా ఉన్నప్పుడు ప్రభుత్వం ఈ పాటను తెచ్చి వాటి మీద మందులా పూసింది. పాట మంచిదే. కాని మందుగా పూసిన పాటను గాయం తగిలినవాడు పాటగా వినడు, మందుగానే వింటాడు. తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచిన రోజుల్లో తెలుగుతల్లికి ఎదురుగా తెలంగాణ తల్లి ఎందుకు వచ్చి నిలబడింది అన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. ఆ కోపం సుందరాచారి గారి మీద కాదు, మల్లెపూల మీద కాదు.

ఇంకా ఒక మెట్టు దిగుదాం. ఆ పాటలో నదులు ఎలా ఉన్నాయి? గోదావరి గలగలా కదిలిపోతుంది, కృష్ణమ్మ బిరబిరా పరుగులు తీస్తుంది, బంగారు పంటలు పండుతాయి. ఆ మాటలు ఎవరి కంటితో చూసి అన్నవి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ఉన్నవాడికి నది పరుగెడితే పంట పండుతుంది. అది అతనికి కళ్లెదుట జరుగుతున్న విషయం. అదే నదికి ఎగువన, గట్టు మీద ఉన్న రైతుకు నది పరుగెడితే ఏమవుతుంది? నీళ్లు వెళ్లిపోతాయి. నది లోయలో, పొలం మెట్ట మీద. అతనికి గలగలలు వినబడతాయి, పంట కనబడదు. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రగీతమైన అందెశ్రీ గారి పాట తీయండి. ఉద్యమం రోజుల్లో మనం వేదికల మీద విన్న రూపంలో గోదావరి కృష్ణమ్మలు మన బీళ్లకు మళ్లాలి అని ఉన్నది. అవే రెండు నదులు. అక్కడ ‘పండుతాయి’, ఇక్కడ ‘మళ్లాలి’. ఒక పాటలో ఉన్నదాని వర్ణన, మరొక పాటలో లేనిదాని కోరిక. మా విద్యార్థులకు క్రియారూపాలు చెప్పేటప్పుడు నేను ఈ రెండు పాటలనే ఉదాహరణగా చెప్పేవాడిని. ఒక్క క్రియలో 60 ఏళ్ల రాజకీయం ఉన్నది.

నదుల మాట ఇంకా పూర్తి కాలేదు. ఒక లెక్క చెబుతాను వినండి. కృష్ణానది ఎన్ని రాష్ట్రగీతాల్లో ఉన్నది? మన రెండింటి సంగతి చెప్పాను. కన్నడిగుల రాష్ట్రగీతం కువెంపు గారిది, 2004 జనవరిలో దానిని నాడగీతంగా ప్రకటించారు, అందులో శరావతి, తుంగ, కావేరిలతో పాటు కృష్ణ ఉన్నది. మహారాష్ట్ర 2023 ఫిబ్రవరి 19న, శివాజీ జయంతి నాడు, రాజా బఢే రాసిన ‘జయ జయ మహారాష్ట్ర మాఝా’ను రాష్ట్రగీతంగా అమలులోకి తెచ్చింది, అందులో కృష్ణా ఉన్నది, గోదావరీ ఉన్నది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే దాకా కృష్ణమ్మ నాలుగు రాష్ట్రాలు దాటుతుంది, నాలుగు రాష్ట్రాలూ ఆమెను తమ పాటలో మా అమ్మ అంటాయి. ఆ నలుగురు బిడ్డలూ ట్రిబ్యునల్ ముందు ఏమంటారో మీకు తెలుసు. బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు పంచింది, ఉమ్మడి వాటాను మన రెండు రాష్ట్రాల మధ్య పంచుకోవడం ఇంకా తెగలేదు. పాటలో తల్లి, పంపకాల్లో టీఎంసీ. నేను వెటకారం చేయడం లేదు. పాటలో ఆ నది పేరు అంత ఇష్టంగా ఉండడానికీ, కోర్టులో అంత గట్టిగా పట్టుబట్టడానికీ కారణం ఒకటే, నది లేకపోతే ఆ నేల మీద మనిషి నిలవడు.

నదిలాగే కవి కూడా. కువెంపు గారి పాటలో పంప కవి పేరు ఉన్నది, కన్నడ ఆదికవి కదా, ఉండాలి. అందెశ్రీ గారి పాటలో పంపనకు జన్మనిచ్చిన తల్లి తెలంగాణ అని ఉన్నది. ఎవరిది నిజం? పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్నాడు. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాల గుట్ట మీద వేయించిన శాసనంలో కన్నడం ఉన్నది, సంస్కృతం ఉన్నది, తెలుగు కందపద్యాలు ఉన్నాయి. ఆ కందాలు తెలుగు సాహిత్య చరిత్రలో ఎంత విలువైనవో ఇక్కడి సాహిత్య మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. మరి వారి పూర్వీకులు ఎక్కడివారు? వేంగినాడువారు. వేంగి ఎక్కడ ఉన్నది? ఏలూరు పక్కన. ఒక కవి వంశం వేంగిది, కొలువు వేములవాడది, కావ్యం కన్నడానిది. 10వ శతాబ్దంలో ఆ కుటుంబానికి ఇబ్బంది లేదు. మన కాలంలో రాష్ట్రగీతం రాసేవారికే ఇబ్బంది.

ఇంతవరకు పాటకు పడిన కత్తెర సంగతి చెప్పాను. పటానికి పడిన కత్తెర సంగతి చెప్పాలి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆంధ్రప్రదేశ్ పాత పాటనే ఉంచుకున్నది, ఒక్క అక్షరం మార్చలేదు. పాట మారలేదు, పటం మారింది. ఇప్పుడు ఆ పాట తీసుకుని, అందులోని పేర్లను పటం మీద గుర్తుపెట్టండి. అమరావతి శిల్పాలు, బాగున్నది, అమరావతి రాష్ట్రంలోనే ఉన్నది. తిక్కన, నెల్లూరు, బాగున్నది. రుద్రమ్మ? ఓరుగల్లు, ఇప్పుడు పక్క రాష్ట్రం. కృష్ణరాయలు? విజయనగరం రాజధాని హంపి, కర్ణాటక. త్యాగయ్య? తిరువయ్యారు, తమిళనాడు. ఒక రాష్ట్రం తన అధికారిక గీతంలో మరో మూడు రాష్ట్రాల్లోని మనుషులను తనవారని పాడుకుంటున్నది. దీనిని తప్పు అంటారా? నేను అనను. సుందరాచారి గారు రాష్ట్రం పాట రాయలేదని ఇందాకే చెప్పాను. భాషకు సరిహద్దు లేదు కాబట్టి భాష పాటలో ఉన్నవారికి సరిహద్దు లేదు. ఆ పాటను సర్కారు రాష్ట్రం కొలతకు కుట్టించుకున్నది, రాష్ట్రం చిన్నదయింది, చొక్కా వదులయింది. నన్నడిగితే ఆ వదులు అలాగే ఉండనివ్వండి అంటాను. తంజావూరు సీమలో కూర్చుని తెలుగులో పాడిన త్యాగయ్యను ఎవరైనా ఏ పాటలోంచి తీసేయగలరు?

ఇక అందెశ్రీ గారు. ఆయన 2025 నవంబరు 10న కన్నుమూశారు. ఆయన గురించి భూతకాలంలో మాట్లాడడం నాకు ఇంకా అలవాటు కాలేదు. బడికి వెళ్లి చదువుకోని మనిషి, పశువులు కాసిన మనిషి, తాపీ పని చేసిన మనిషి. సుందరాచారి గారు కూడా పొట్టకూటికి హోటల్లో సర్వరుగా పనిచేశారని చెబుతారు. మన రెండు రాష్ట్రాల తల్లులకు పాట కట్టినవారు ఇద్దరూ ఏ ఆస్థానంలోనూ కూర్చున్నవారు కారు, ఇది మాత్రం మనం ఇటూ అటూ గర్వంగా చెప్పుకోవచ్చు. ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ వేదికల మీద పెరిగింది. రాష్ట్రం వచ్చాక తొలి దాదాపు పదేళ్లు ఆ పాటకు అధికార గౌరవం దక్కలేదు. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం మంత్రివర్గంలో నిర్ణయించి, జూన్ 2న, దశాబ్ది వేడుకల నాడు, కీరవాణి గారి సంగీతంతో దానిని ఆవిష్కరించింది.

ఇక్కడా కత్తెర పడింది. ఉద్యమంలో పాడుకున్నప్పుడు ‘పది జిల్లల నీ పిల్లలు’ అని ఉండేది. అప్పుడు తెలంగాణ అంటే పది జిల్లాలే. పది జిల్లాలు అన్నది ఆ రోజుల్లో లెక్క కాదు, నినాదం. రాష్ట్రం వచ్చాక 2016లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. పాటలో పది, పాలనలో 33. అధికారిక రూపంలో ఆ చోట ‘పదపదాన నీ పిల్లలు’ అని మార్చారు. నడక కుదిరింది, అర్థం కుదిరింది, ముందు ఎన్ని జిల్లాలైనా ఇబ్బంది లేదు. కవి తానే ఉండగా జరిగిన మార్పు కాబట్టి తప్పు పట్టవలసినది లేదు. కాని నా మనసులో మాట చెబుతాను: ‘పది జిల్లల’ అన్నప్పుడు ఆ నాటి మనిషి కంఠంలో ఉన్న వేడి ‘పదపదాన’లో లేదు. ఉద్యమగీతం రాష్ట్రగీతం అయినప్పుడు జరిగేది ఇదే. అడగవలసింది అడిగేశాక గొంతు తగ్గుతుంది.

అప్పుడు ఇంకొక వివాదం వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ పాటకు ఆంధ్ర సంగీత దర్శకుడా, ఇక్కడ సంగీతం తెలిసినవారు లేరా అని తెలంగాణ సినీ సంగీత కళాకారుల నుంచే అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరాన్ని తేలికగా తీసేయకండి. సినిమారంగంలో తమకు చోటు దొరకలేదన్న బాధ ఆ ఉద్యమానికి ఉన్న అనేక కారణాల్లో ఒకటి. అయితే తమిళుల సంగతి మళ్లీ గుర్తు చేస్తాను. తమిళతల్లి స్తుతి రాసిన సుందరం పిళ్లై గారు పుట్టింది అలప్పుళలో, పాఠాలు చెప్పింది తిరువనంతపురంలో. వరస కట్టిన విశ్వనాథన్ గారు పుట్టింది పాలక్కాడు ప్రాంతంలో. పటం మీద చూస్తే రెండూ ఈనాటి కేరళే. తమిళులు ఆ ప్రశ్న వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదు? కేరళ తమ ఉద్యోగాలు, తమ నీళ్లు, తమ తెర పట్టుకుపోయిందన్న గాయం వారికి ఆ రోజున లేదు. గాయం ఉన్నవాడిని, లేనివాడు ఎంత ఉదారంగా ఉన్నాడో చూడు అని మందలించడం న్యాయం కాదు. పోలిక చెప్పాను, తీర్పు చెప్పలేదు.

పేర్ల దగ్గర, పంక్తుల దగ్గర వచ్చే తగాదా వరస దగ్గర కూడా వస్తుంది. కర్ణాటకలో కువెంపు గారి పాటను మైసూరు అనంతస్వామి గారి వరసలో పాడాలా, సి. అశ్వథ్ గారి వరసలో పాడాలా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2022లో ప్రభుత్వం అనంతస్వామి గారి వరసను ఖాయం చేసి, రెండున్నర నిమిషాల్లో పాడాలని చెప్పింది. ఆ వ్యవహారం హైకోర్టు మెట్లు ఎక్కింది. మన తెలంగాణ పాటకు కూడా రెండు రూపాలు ఉన్నాయి, సభల్లో పాడడానికి రెండున్నర నిమిషాలది ఒకటి, పూర్తి పాట పదమూడున్నర నిమిషాలది మరొకటి. ఎవరి చరిత్ర రెండున్నర నిమిషాల్లో పడుతుంది, ఎవరి చరిత్ర మిగిలిన పదకొండు నిమిషాల్లో ఉండిపోతుంది? ఇంటికి వెళ్లాక రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

బెంగాలులో తగాదా ఒక్క మాట దగ్గర వచ్చింది. 1905లో బెంగాలును విడగొట్టినప్పుడు రవీంద్రులు రాసిన ‘బాంగ్లార్ మాటి బాంగ్లార్ జల్’ను 2023 సెప్టెంబరులో అక్కడి శాసనసభ రాష్ట్రగీతంగా తీర్మానించింది. అందులో ‘బెంగాలీల’ ప్రాణం, ‘బెంగాలీల’ మనసు అని ఉన్నది. రాష్ట్రంలో బెంగాలీలు కానివారు కూడా ఉన్నారు కదా, దానిని ‘బెంగాలు’ ప్రాణం అని మారిస్తే ఏమి అన్న ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే, కాని రవీంద్రుని మాట మార్చడానికి మీరెవరని అక్కడివారు మండిపడ్డారు. భాష మాట్లాడేవారి పాటా, నేల మీద ఉన్నవారందరి పాటా? ఆ ఒక్క మాటలో ఆ ప్రశ్న అంతా ఉన్నది. ఇందాక పర్లాకిమిడి దగ్గర వదిలిన మాట ఇదే. రాష్ట్రం భాష పేరుతో ఏర్పడినా, అందులో ఆ భాష మాట్లాడనివాడు తప్పకుండా ఉంటాడు. అతను నిలబడి ఏ పాట పాడాలి? ఒడిశాలోని బరంపురంలో ఉన్న తెలుగు పిల్లవాడు, తమిళనాడులోని హోసూరులో ఉన్న తెలుగు పిల్లవాడు, ఇక్కడ ఆదిలాబాదులో ఉన్న గోండు పిల్లవాడు. తమిళులు తీసేసిన ఆ పంక్తులు ఆ పిల్లవాడి కోసమే పోయాయని నేను నమ్ముతాను.

కేరళ మాట అడుగుతారేమో. వారు 2014లో బోధేశ్వరన్ రాసిన ఒక గీతాన్ని సాంస్కృతిక గీతంగా ప్రకటించి ఊరుకున్నారు. తరువాత కొత్త గీతం కోసం చేసిన ప్రయత్నం 2024లో కవుల మధ్య రచ్చ అయింది. రాష్ట్రగీతం లేనందువల్ల మలయాళీకి తాను మలయాళీనన్న భావం ఏమైనా తగ్గిందా? దుబాయిలో ఉన్న మన మిత్రులను అడగండి.

దూరాన ఉన్నవారి సంగతి అడుగుతూ అధ్యక్షులవారు చీటీ పంపారు, అది కూడా చెప్పి ముగిస్తాను. అమెరికాలో తెలుగు సంఘాల సభలు ఎన్నో ఏళ్లుగా ‘మా తెలుగు తల్లికి’తోనే మొదలవుతూ వచ్చాయి. అక్కడ అది రాష్ట్రం పాట కాదు, ఏ మంత్రివర్గమూ వారికి ఉత్తర్వు ఇవ్వలేదు. సుందరాచారి గారు రాసిన నాటి అర్థంలోనే, భాష పాటగానే అది అక్కడ మిగిలింది. తెలంగాణ వచ్చాక అక్కడి తెలంగాణ సంఘాలు తమ వేదిక మీద తమ పాట పాడుకుంటున్నాయి. ఇద్దరూ కలిసిన చోట రెండూ పాడుతున్నవారు ఉన్నారు, మనలాగే సరస్వతీ ప్రార్థనతో గట్టెక్కుతున్నవారూ ఉన్నారు.

చీటీలో రెండో ప్రశ్న కూడా ఉన్నది. సభ ముగింపులో ఏ పాట పాడించమంటారు అని అడిగారు. వెనుక వరుసలో ఇటు బడి పిల్లలు, అటు బడి పిల్లలు కలిసి కూర్చున్నారు, నేను మాట్లాడుతున్నంతసేపూ వాళ్లు ఒకరి పాట ఒకరికి నేర్పుకుంటున్నారని నాకు ఇక్కడికే వినబడుతున్నది. వాళ్లను ముందుకు రానివ్వండి. ఇటువాళ్లు అటు పాట పాడతారు, అటువాళ్లు ఇటు పాట పాడతారు. పదమూడున్నర నిమిషాల రూపం పాడతామంటే మాత్రం పెద్దవారికి కుర్చీలు వేయించండి, అంతసేపు నిలబడడం నా వల్ల కాదు. నమస్కారం.